ఒకే ఇంటి పిల్లలు, పాపకే పళ్లెందుకు పుచ్చాయి?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. బాబుకి తొమ్మిదేళ్లు, పాపకి అయిదున్నర. బాబు వాళ్ల నాన్న చాక్లెట్లు తెచ్చిన రోజు డబ్బా ఖాళీ చేసేదాకా లేవడు. బ్రష్ చెయ్యమంటే తప్పించుకుని తిరుగుతాడు. అయినా వాడికి ఒక్క పన్నూ పుచ్చలేదు. పాపకి రెండు పూటలా నేనే దగ్గరుండి తోమిస్తాను. దానికేమో పైన ముందు నాలుగు, కింద దవడ పళ్లు రెండు పుచ్చిపోయాయి. మొన్న రాత్రి చెంప పట్టుకుని ఏడుస్తూనే ఉంది. పాప ఎనిమిదో నెలలో పుట్టింది. మూడేళ్లు దాటేదాకా పంచదార కలిపిన సీసా పాలు తాగుతూనే నిద్రపోయేది. ఎప్పుడూ జలుబు, ఆయాసం. సిరప్‌లు, ఇన్‌హేలర్ వాడుతున్నాం. నోరు తెరుచుకుని పడుకుంటుంది. సరిగ్గా తినదని రోజంతా కొంచెం కొంచెం ఏదో ఒకటి పెడుతూనే ఉంటాను. నా పళ్లూ మంచివి కావు, ఇప్పటికే మూడు రూట్ కెనాల్స్ అయ్యాయి. ఇంట్లోనే టైలరింగ్ చేస్తాను, మిషన్ దగ్గర టీ ఉండాల్సిందే. తుమ్ములకి రోజూ అలర్జీ మాత్ర వేసుకుంటాను. మా అత్తగారిది మునుగోడు వైపు. ఆవిడ పళ్లు గోధుమరంగు మచ్చలతో ఉంటాయి గానీ ఒక్కటీ పుచ్చలేదు. "మా నీళ్లు తాగిన పళ్లు గట్టివి, నీ పుట్టింటి పళ్లే పిల్లకి వచ్చాయి" అంటుంది. ఇది నిజంగా వంశంలో వచ్చేదేనా? నా తప్పేనా? కొత్తగా వచ్చే పళ్లయినా దక్కుతాయా?

సమాధానం:

అమ్మా, అన్నిటికంటే ముందు పాప నొప్పి సంగతి. పగలంతా ఆడుకుని, పడుకోగానే పన్ను సలుపుతోందంటే పుచ్చు లోపలి నరం దాకా వెళ్లి ఉండొచ్చు. ఇంకా చూపించకపోతే రేపే తీసుకెళ్లండి. పిల్లల పళ్ల డాక్టర్ దొరికితే మంచిది, లేకపోతే మామూలు డెంటిస్టయినా ఫర్వాలేదు. అప్పటిదాకా పాప బరువుకు తగ్గ మోతాదులో పారాసెటమాల్ ఇవ్వొచ్చు. లవంగ నూనె దూదికి అద్ది పంట్లో పెట్టడం మన ఇళ్లలో ఉన్నదే. అందులోని యూజినాల్ కాసేపు తిమ్మిరెక్కిస్తుంది కూడా. కానీ చిన్నపిల్లలకి చిగురూ నాలుకా కాలతాయి, పాపకి వద్దు. చెంప వాచినా, జ్వరం వచ్చినా, నోరు తెరవడానికి, మింగడానికి కష్టపడుతున్నా మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి, ఆదివారమైనా, పండగైనా.

"పాలపళ్లే కదా, ఎలాగూ ఊడిపోతాయి" అని ఎవరైనా అంటే పట్టించుకోకండి. వెనక ఉండే పాలపళ్లు పదీ పన్నెండేళ్ల దాకా నోట్లో ఉండాల్సినవి. రాబోయే పళ్లు వాటి వేళ్ల దగ్గరే తయారవుతుంటాయి. చీము అక్కడికి దిగితే వాటికీ దెబ్బ తగులుతుంది. పైగా నొప్పి ఉన్న పిల్ల సరిగ్గా నమలదు, నిద్రపోదు. మీరేమో తినట్లేదని ఇంకో బిస్కెట్టు చేతిలో పెడతారు.

ఇక మీ తప్పేనా అన్న మాట. మీ తప్పు కాదు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లని, ఆయాసంతో నలిగే పిల్లని ఏ తల్లయినా మీలాగే చూసుకుంటుంది. పాప నోరు మొదటి నుంచీ బాబు నోటికంటే ఎక్కువ ప్రమాదంలో ఉంది. ఆ సంగతి మీకెవరూ చెప్పలేదు, అంతే. ఇద్దరికీ ఒకే బ్రష్షింగు సరిపోతుందనుకున్నారు. పడే వాన ఒక్కటే అయినా మెట్ట చేలో ఇంకిపోతుంది, పల్లపు చేలో నిలిచిపోతుంది. పాపది పల్లపు చేను. దానికి కాలువ వేరేగా తియ్యాలి.

పన్ను ఎలా పుచ్చుతుందో తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. పంటి మీద పాచిలో రకరకాల సూక్ష్మజీవులు ఉంటాయి. వాటిలో బాగా పేరుపడ్డది స్ట్రెప్టోకోకస్ మ్యూటన్స్. దాన్ని 1924లో క్లార్క్ అనే శాస్త్రవేత్త పుచ్చిన పళ్లలోంచి వేరుచేసి ఆ పేరు పెట్టాడు. మనం తిన్న తీపిని ఇవీ తింటాయి, తిని ఆమ్లం వదుల్తాయి. పులుపు ఎంత ఉందో పీహెచ్ అనే కొలతతో చెప్తారు, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. తీపి నోట్లో పడ్డ కొద్ది నిమిషాలకే పంటి మీది పీహెచ్ 5.5 కంటే కిందికి దిగిపోతుంది. ఆ మట్టం దిగిందంటే పంటి పైనుండే గట్టి పొర, అంటే ఎనామిల్‌లోంచి కాల్షియం, ఫాస్ఫేట్ కరిగి బయటికి వస్తాయి. తర్వాత అరగంట నుంచి గంట లోపల లాలాజలం ఆ పులుపును కడిగి, విరిచి, కరిగిపోయిన ఖనిజాన్ని తిరిగి పంట్లోకి చేరుస్తుంది. ఈ కరగడం, పూడడం అనేవి ప్రతి మనిషి నోట్లోనూ రోజూ జరుగుతూనే ఉంటాయి, బాబు నోట్లో కూడా. పూడేదానికంటే కరిగేది ఎక్కువై, అది నెలల తరబడి సాగితే అక్కడ గుంట పడుతుంది. కొందరి పళ్లు ఎందుకు పుచ్చుతాయి, కొందరివి ఎందుకు పుచ్చవు అంటే, రోజులో ఎన్ని గంటలు పన్ను పులుపులో నానుతోంది, ఎన్ని గంటలు కోలుకుంటోంది అన్న లెక్కే. మనిషికీ మనిషికీ ఉండే తేడాలన్నీ చివరికి ఈ లెక్కలోకే వచ్చి చేరతాయి.

బాబు డబ్బాడు చాక్లెట్లు తిన్నా ఎందుకు బాగున్నాడో ఇప్పుడు చూడండి. వాడు కూర్చున్నచోటే అన్నీ తినేశాడు. పళ్లకు అది ఒక్క దెబ్బ. గంటలో నోరు మామూలైపోయింది, మళ్లీ భోజనం దాకా ఏమీ లేదు. పాప తిన్న తీపి మొత్తం కలిపినా అందులో సగం ఉండదేమో. కానీ పొద్దున పొడి కలిపిన పాలు, కాసేపటికి బిస్కెట్టు, స్కూల్లో ఇంకోటి, వచ్చాక అరటిపండు, సాయంత్రం మళ్లీ పాలు, మధ్యలో సిరప్. ఒక పులుపు విరిగేలోపే ఇంకోటి మొదలవుతోంది. పళ్లకు కోలుకునే తీరికే దొరకట్లేదు.

ఇది నా ఊహ కాదు. స్వీడన్‌లో విపెహోల్మ్ అనే ఆసుపత్రిలో 1940ల రెండో సగంలో దీన్ని పరీక్షించారు. భోజనంతో పాటు చక్కెర ఎక్కువ ఇచ్చినవాళ్లలో పుచ్చు పెద్దగా పెరగలేదు. భోజనానికీ భోజనానికీ మధ్య పంటికి అతుక్కునే టాఫీలు ఇచ్చినవాళ్లలో విపరీతంగా పెరిగింది. ఆపాక తగ్గింది. అక్కడ ఉన్నవాళ్లు మానసిక వైకల్యం ఉన్న రోగులు, తమ మీద ఏం జరుగుతోందో చెప్పుకోలేనివాళ్లు. వాళ్ల పళ్లు పాడుచేసి తెలుసుకున్న సంగతి ఇది. అలాంటి ప్రయోగానికి ఈరోజు ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. అంత ఖరీదు పెట్టి వచ్చిన పాఠం కాబట్టే దాన్ని గట్టిగా చెప్పాలనిపిస్తుంది. తీపి ఎంత తిన్నారు అన్నదానికంటే ఎన్నిసార్లు తిన్నారు, పంటికి ఎంతసేపు అంటుకుని ఉంది అన్నది పళ్లకు ఎక్కువ ముఖ్యం.

బిస్కెట్లు, చిప్స్, కార్న్‌ఫ్లేక్స్ లాంటివి అంత తియ్యగా అనిపించవు గనక వాటి మీద ఎవరికీ అనుమానం రాదు. అవి నమిలాక పిండిలా మారి దవడ పళ్ల గాళ్లలో కూరుకుపోయి చాలాసేపు అక్కడే ఉంటాయి. చాక్లెట్టయితే కరిగి పోతుంది. పాపకి కింది దవడ పళ్లు పుచ్చడం వెనక ఈ కూరుకుపోయే తిండి ఉందని నా నమ్మకం.

పై ముందు పళ్ల కథ వేరు. అది సీసా వదిలిన గుర్తు. పాలు తాగుతూ నిద్రపోయిన పిల్ల నోట్లో పాలు పై పళ్ల చుట్టూ చేరి నిలబడిపోతాయి. కింది ముందు పళ్లను నాలుక కప్పేస్తుంది, లాలాజలం ఊరే గ్రంథి ద్వారాలూ అక్కడే ఉన్నాయి కాబట్టి అవి తప్పించుకుంటాయి. మీరు రాసిన జాబితాలో కింది ముందు పళ్లు లేవు చూడండి. పాలల్లో సహజంగా ఉండే చక్కెర ఒకటి, మనం కలిపే పంచదార ఇంకొకటి. అసలే నిద్రలో లాలాజలం దాదాపు ఆగిపోతుంది. పగలైతే గంటలో కోలుకునే పన్ను రాత్రిపూట తెల్లవార్లూ నానుతుంది.

లాలాజలం గురించి ఇంకొంచెం చెప్పనివ్వండి. మనుషుల మధ్య తేడాల్లో పెద్ద వాటా దీనిదే, దీని ఊసు ఎత్తేవాళ్లేమో తక్కువ. పెద్దవాళ్లలో రోజుకు అరలీటరు నుంచి లీటరున్నర దాకా ఊరుతుంది. అందులో పులుపును విరిచే బైకార్బనేట్ ఉంది, పంటిని పూడ్చే కాల్షియం, ఫాస్ఫేట్ ఉన్నాయి, సూక్ష్మజీవుల్ని అదుపులో పెట్టే ప్రొటీన్లు ఉన్నాయి. ఇది ఎంత ఊరుతుంది, ఎంత చిక్కగా ఉంటుంది, పులుపును ఎంత బాగా విరుస్తుంది అన్నది ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. కొందరికి పుట్టుకతోనే తక్కువ. తల, మెడ భాగంలో క్యాన్సర్‌కి రేడియేషన్ తీసుకున్నవాళ్లలో గ్రంథులు దెబ్బతిని, అంతకుముందు నిక్షేపంలా ఉన్న పళ్లు ఏడాది రెండేళ్లలోనే వరసగా పుచ్చిపోవడం డెంటిస్టులందరికీ తెలిసిన విషయం. నోరు ఎండితే పంటికి ఎంత నష్టమో చెప్పడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

పాప నోరు తెరుచుకుని పడుకుంటుందన్నారు. ముందు పళ్లకు రాత్రంతా గాలి తగిలి ఉన్న కాస్త తడీ ఆరిపోతుంది. జలుబు మందుల్లో చాలావాటికి నోరు ఎండబెట్టే గుణం ఉంది. సిరప్‌లలో పంచదార పాకం ఉండొచ్చు, అదీ పడుకోబోయే ముందే తాగిస్తాం. ఇన్‌హేలర్ మందు కొంత నోట్లోనే ఉండిపోతుంది. వీటిలో ఏ ఒక్కదాని వల్లా పన్ను పుచ్చదు. అన్నీ ఒకే చిన్న నోటి మీద పడ్డాయి. అలాగని ఆయాసం మందు ఆపొద్దు, ఊపిరి తర్వాతే పన్ను. ఇన్‌హేలర్ తీసుకున్న ప్రతిసారీ నోట్లో నీళ్లు పోసి పుక్కిలించి ఉమ్మేయించండి. సిరప్ రాసినప్పుడు పంచదార లేనిది ఉందేమో డాక్టరుని అడగండి, లేకపోతే ముందు సిరప్ తాగించి ఆ తర్వాతే పళ్లు తోమండి. నోటితో ఊపిరి తీయడం ఎందుకో ఈఎన్‌టీ డాక్టరుకి చూపించండి. ముక్కు వెనక ఎడినాయిడ్స్ అనే మెత్తటి కండ పెరిగితే ఇలాగే జరుగుతుంది.

నెలలు నిండకుండా పుట్టడానికీ పళ్లకూ సంబంధం ఉంది. పాలపళ్ల ఎనామిల్ కడుపులో నాలుగో నెల నుంచి తయారవడం మొదలై, పుట్టాక ఇంచుమించు ఏడాది దాకా సాగుతుంది. ఆ మధ్యలో బిడ్డ ముందే పుట్టినా, పెద్ద జబ్బు చేసినా, విటమిన్ డి బాగా తక్కువైనా ఆ రోజుల్లో తయారవుతున్న పొర పలచగానో గరుకుగానో మిగలొచ్చు. మామూలుగానే పాలపళ్ల ఎనామిల్ పెద్ద పళ్లదానికంటే బాగా పలచన. పైగా ఎనామిల్‌లో ప్రాణమున్న కణాలు ఉండవు, చర్మం మానినట్టు అది మళ్లీ పెరగదు. పొరలో లోటున్న పన్నుకు మిగతా పిల్లలకు సరిపోయే జాగ్రత్త సరిపోదు.

ఇప్పుడు వంశం సంగతి. మీ అత్తగారి మాటలో కొంత నిజం లేకపోలేదు. ఎనామిల్ గట్టిదనం, పంటి గాళ్ల లోతు, లాలాజలం గుణం, తీపి మీద మక్కువ, వీటన్నిటిలో జన్యువుల పాత్ర ఉంది. వేర్వేరు ఇళ్లల్లో పెరిగిన కవలల్ని పరిశీలించినప్పుడు కూడా వాళ్ల పళ్ల తీరులో పోలికలు కనిపించాయి. అరుదుగా ఎనామిలే సరిగ్గా ఏర్పడని జన్యు జబ్బులూ ఉన్నాయి, అవి నోరు తెరవగానే డాక్టరుకి తెలిసిపోతాయి. కానీ జన్యువు ఒక్కటే పన్నుని పుచ్చిపోయేలా చెయ్యదు. దీనికి ఒక మంచి ఉదాహరణ ఉంది. పుట్టుకతోనే ఫ్రక్టోజ్ అరగని జబ్బు కొద్దిమందికి వస్తుంది. పంచదారగానీ పండుగానీ తింటే వాంతులవుతాయి, రక్తంలో చక్కెర పడిపోతుంది. అందుకని వాళ్లు తీపి జోలికే పోరు. వాళ్ల నోళ్లు చూస్తే పుచ్చిన పన్ను దాదాపు కనపడదు. అక్కడ పళ్లను కాపాడింది జన్యువే, కానీ కంచంలోంచి తీపిని తీసేసి కాపాడింది. కాబట్టి పాపకి మీ పళ్ల పోలిక వచ్చి ఉండొచ్చు, అయినా దాని పళ్లు మీ పళ్ల బాట పట్టాల్సిన పనిలేదు.

కుటుంబంలో జన్యువులతో పాటు ఇంకోటీ చేతులు మారుతుంది. పుట్టిన బిడ్డ నోట్లో మ్యూటన్స్ ఉండదు. పళ్లు వస్తున్న వయసులో ఇంట్లోవాళ్ల నోళ్లనుంచే వస్తుంది, ఎక్కువగా బిడ్డను పెంచేవాళ్ల నుంచి. పుచ్చిన పళ్లు బాగా ఉన్న నోట్లో ఇవి ఎక్కువ. ఎంగిలి స్పూను, మనం కొరికి పెట్టే ముక్క, ఇవన్నీ దారులే. ఇది చదివి పాపని ముద్దు పెట్టుకోవడం మానేయకండి. మీ నోరు బాగుచేయించుకుంటే పాపకీ మేలని మాత్రం గుర్తుపెట్టుకోండి.

మీ అత్తగారి పళ్ల సంగతి చెప్తే మీ ఇద్దరికీ ఆసక్తిగా ఉంటుంది. 1901లో అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్ ఊళ్లో ఫ్రెడరిక్ మెకే అనే కుర్ర డెంటిస్టు ప్రాక్టీసు పెట్టాడు. ఆ ఊళ్లో పుట్టి పెరిగినవాళ్ల పళ్ల మీద గోధుమరంగు మచ్చలు. కారణం ఎవరికీ తెలీదు. ఏళ్ల తరబడి దాని వెంటపడి, ఆ మచ్చల పళ్లు పుచ్చడం తక్కువని కూడా గమనించాడు. నీళ్లలో ఏదో ఉందని అనుమానం వచ్చినా అదేమిటో పట్టుకోవడానికి 1931 దాకా పట్టింది. చర్చిల్ అనే రసాయన శాస్త్రవేత్త నీళ్లను పరీక్షించి, అది ఫ్లోరైడ్ అని తేల్చాడు. లీటరు నీళ్లలో ఒక మిల్లీగ్రాము దగ్గర ఉంటే మచ్చలు అంతగా పడకుండానే పుచ్చు తగ్గుతుందని తర్వాత తేలింది. 1945 జనవరిలో గ్రాండ్ రాపిడ్స్ నగరం ఆ మోతాదులో కుళాయి నీళ్లలో ఫ్లోరైడ్ కలపడం మొదలుపెట్టింది. ఆ తర్వాత అక్కడ పుట్టిన పిల్లల్లో పుచ్చు 60 శాతానికి పైగా తగ్గింది.

మునుగోడు నేల అదే ఫ్లోరైడ్‌ని ప్రకృతి చేత్తో, హద్దు దాటించి ఇచ్చింది. ఆవిడ చిన్నప్పుడు తాగిన బావి నీళ్లు, బోరు నీళ్లు పళ్లకు మచ్చలు పెట్టాయి, పుచ్చు రాకుండా కాపాడినా కాపాడి ఉంటాయి. కానీ ఆ నీళ్లే అదే ప్రాంతంలో ఎందరి ఎముకలు వంచేశాయో, ఎందరు పిల్లల్ని నడవలేకుండా చేశాయో నల్గొండ జిల్లాలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. మన దేశంలో ఈ జబ్బు గురించి మొదట 1937లో బయటికొచ్చింది కూడా తెలుగు నేల మీదే, అప్పటి నెల్లూరు జిల్లాలో. ఫ్లోరైడ్ మరీ ఎక్కువైతే పన్ను కూడా గుంటలుపడి పెళుసవుతుంది, అప్పుడు పుచ్చుతుంది కూడా. కాబట్టి ఆవిడ పళ్లు గట్టివే, కానీ ఆ నీళ్లు మంచివి కావు. మన ప్రమాణాల ప్రకారం తాగేనీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 వరకు. ఇప్పుడు మీ ఇంటికి కృష్ణా నీళ్లే వస్తుంటే, దాని పైన ఆర్వో మిషన్ కూడా ఉంటే, పాపకి నీళ్లలో అందే ఫ్లోరైడ్ చాలా తక్కువ. బోరు నీళ్లు తాగుతుంటే మాత్రం పరీక్ష చేయించి, ఆ కాగితం డెంటిస్టుకి చూపించాకే పేస్టు సంగతి మాట్లాడండి.

పేస్టు ఎందుకంటే, ఫ్లోరైడ్ పంటికి చేసే మేలు ఎక్కువభాగం పంటి పైనే జరుగుతుంది. కరిగిన ఖనిజం తిరిగి చేరేటప్పుడు అది పక్కనుంటే పొర ఇంకా గట్టిపడుతుంది. అందుకు మింగాల్సిన పనిలేదు, రోజూ రెండుసార్లు పంటికి తగిలితే చాలు. పిల్లల పేస్టుల్లో కొన్నిట్లో ఫ్లోరైడ్ తక్కువ, కొన్నిట్లో అసలుండదు. మూలికల పేస్టుల్లో చాలావాటిదీ అదే తీరు. ట్యూబు మీద 1000 పీపీఎం అని ఉందేమో చూసుకోండి. మూడేళ్లలోపు పిల్లలకి బియ్యపు గింజంత, పాప వయసుకి బఠాణీ గింజంత చాలు. తోమాక ఉమ్మేస్తే సరిపోతుంది. గ్లాసుల కొద్దీ నీళ్లతో పుక్కిలిస్తే వేసిన మందంతా పోతుంది.

మీరు దగ్గరుండి తోమిస్తున్నానన్నారు. బ్రష్ పాప చేతిలో ఉందా, మీ చేతిలో ఉందా? అయిదేళ్ల పిల్ల చేతికి ఆ నేర్పు రాదు. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా రాత్రిపూట అమ్మో నాన్నో తోమాలి. పాప తలని మీ ఒళ్లో పెట్టుకుని, వెలుతురు నోట్లో పడేలా కూర్చోండి. బొటనవేలితో పై పెదవి ఎత్తి చిగురు అంచున చూడండి. అక్కడ పసుపు పచ్చని పాచి మెత్తగా పేరుకుని ఉంటుంది. అది తుడిచాక కింద పన్ను నిగనిగలాడితే సరే. మెరుపు లేని సుద్ద తెలుపు గీత కనిపిస్తే అది పుచ్చుకు మొదటి అడుగు. ఆ దశలో గుంట ఇంకా పడలేదు, తీపి దెబ్బలు తగ్గించి ఫ్లోరైడ్ తగిలిస్తే వెనక్కి మళ్లుతుంది. గోధుమరంగు గుంట పడ్డాక ఇక ఇంట్లో చెయ్యగలిగింది ఏమీ లేదు.

రాత్రి తోమిన తర్వాత మంచినీళ్లు తప్ప ఏదీ వద్దు. పాలు తాగాకే తోమడం. పాప బక్కగా ఉందన్న మీ టెన్షన్ నాకు అర్థమవుతుంది, అందుకే తిండి తగ్గించమని చెప్పను. అదే తిండిని రోజుకు మూడు భోజనాలు, రెండు చిరుతిళ్లుగా కట్టండి, మధ్యలో నీళ్లు మాత్రమే. చిరుతిండి అంటే ఉడకబెట్టిన గుడ్డు, పల్లీలు, సెనగలు, పెరుగు, కొబ్బరి ముక్క లాంటివి. స్వీటు పెట్టాలనుకుంటే భోజనంతో పాటే పెట్టేయండి, పండగపూట బూరె కూడా తిననివ్వండి. బెల్లం, తేనె పంచదారకంటే పళ్లకు మంచివన్నది నిజం కాదు, సూక్ష్మజీవులకు మూడూ ఒకటే.

రాబోయే పళ్లు దక్కుతాయా అన్నారు. పాలపళ్లు పుచ్చిన పిల్లలకు పెద్ద పళ్లు పుచ్చే అవకాశం ఎక్కువన్నది నిజం, దాచను. కానీ ఆ పళ్లు వచ్చేటప్పటికి నోటి పరిస్థితి మార్చుకునే అవకాశం మీకుంది. ఆరేళ్ల ప్రాంతంలో పాలదవడ పళ్ల వెనక, ఏ పన్నూ ఊడకుండానే, కొత్త దవడ పళ్లు నాలుగు వస్తాయి. అమ్మానాన్నల్లో చాలామంది వాటినీ పాలపళ్లే అనుకుంటారు. అవి జీవితాంతం ఉండాల్సినవి. పూర్తిగా పైకి రావడానికి నెలలు పడుతుంది. అన్నాళ్లూ పక్క పళ్లకంటే కిందికి ఉండడంతో బ్రష్ వాటి మీదుగా జారిపోతుంది. బ్రష్‌ని బుగ్గ వైపు నుంచి అడ్డంగా లోపలికి పెట్టి ఆ ఒక్క పన్నునే విడిగా తోమాలి. పాపకి అయిదున్నర అంటే ఏ నెలలోనైనా మొదలవ్వచ్చు. అవి రాగానే గాళ్లలో సీలెంట్, అంటే గాళ్లను మూసేసే పూత, వేయించండి, మత్తూ సూదీ అక్కర్లేని పని. మూడు నుంచి ఆరు నెలలకోసారి ఫ్లోరైడ్ వార్నిష్ పూయించండి. ఇప్పుడు పుచ్చిన వాటిలో నరం దాకా వెళ్లనివి ఉంటే, డ్రిల్ పెట్టకుండా పుచ్చుని ఆపే సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ మందు ఉంది, దాని గురించి అడగండి. రాసినచోట నల్లబడుతుందని ముందే తెలుసుకుని ఒప్పుకోండి. ఏడ్చే పిల్లకి అదొక ఊరట.

ఇక మీ గురించి. ఉత్తరమంతా పాప కోసం రాసి మీ పళ్లని రెండు వాక్యాల్లో తేల్చేశారు. మిషన్ దగ్గర టీ గ్లాసు పెట్టుకుని కుట్టుకుంటూ గుక్క గుక్క తాగుతుంటే మీ పళ్లకూ పాప బిస్కెట్ల సమస్యే. తాగితే అయిదు నిమిషాల్లో తాగేయండి, లేకపోతే పంచదార మానేయండి. అలర్జీ మాత్ర నోరు ఎండబెట్టే రకమైతే వేరేది ఉందేమో డాక్టర్‌ని అడగండి. పక్కన మంచినీళ్ల సీసా పెట్టుకోండి. పంచదార లేని చూయింగ్ గమ్ భోజనం తర్వాత కాసేపు నమిలితే లాలాజలం బాగా ఊరుతుంది. కానుపుల్లో కాల్షియం అంతా బిడ్డ లాగేసుకుని పళ్లు పాడయ్యాయని మీతో ఎవరైనా అని ఉంటే అది నిజం కాదు, పంట్లోంచి కాల్షియం అలా బిడ్డకి పోదు. వేవిళ్లలో వాంతుల పులుపు, మాటిమాటికీ తినడం, నీరసంతో బ్రష్ మానేయడం, ఇవే అప్పటి కారణాలు. ఇంకా పుచ్చినవి మిగిలి ఉంటే పాప చికిత్సతో పాటే మీవీ మొదలుపెట్టండి.

బాబుని కూడా అదే రోజు వెంట తీసుకెళ్లండి. వాడికి ఆరేళ్లప్పుడు వచ్చిన దవడ పళ్ల గాళ్లు లోతుగా ఉన్నాయేమో డాక్టర్ చూసి చెప్తారు, ఉంటే సీలెంట్ వాడికీ పనికొస్తుంది. ఇప్పటిదాకా వాడిని కాపాడింది భోజనాల మధ్య ఖాళీగా ఉన్న నోరు. పన్నెండేళ్లకి ఇంకో జత దవడ పళ్లు వస్తాయి. అప్పటికి చేతిలో పాకెట్ మనీ ఉంటుంది, ట్యూషన్ దారిలో కూల్‌డ్రింకులూ చిప్సూ ఉంటాయి. రాత్రి పడుకునే ముందు పళ్లు తోముకునే అలవాటు మాత్రం ఈ రెండు మూడేళ్లలోనే పడాలి. వాడితో ఒంటరిగా పోరాడకుండా, పాపని ఒళ్లో పెట్టుకుని తోమే సమయానికే వాడినీ పక్కన నిలబెట్టి తోముకోమనండి.